ఉతికింది నేను, పేరు సరోజది

మా కొట్టు మీద ఎవరో కాకినాడ కుర్రాడు వీడియో తీసి ఫోనుల్లో పెట్టాడు. "పాత కార్ల సీటు బెల్టులకు ప్రాణం పోసే చేతులు" అని దానికి పేరు. ఆ చేతులు మా తోటికోడలు సరోజవి. నేను కూడా ఉన్నాను అందులో. సరోజ మిషను ముందు కూర్చుని మాట్లాడుతుంటే పక్క నుంచి ఒక మోచెయ్యి వచ్చి బకెట్టును అవతలికి జరుపుతుంది. ఆ మోచెయ్యి నాది. పని మానేశాను గానీ కొట్టుకు వెళ్ళడం మానలేదు కదా.

మోచెయ్యి దాకా చూసి ఫోను పక్కన పడేశాను.

ఇప్పుడు పాత కార్ల మోజు పెరిగింది. డాక్టర్లు, మిల్లుల వాళ్ళు, రొయ్యల చెరువుల వాళ్ళు నాన్నల కాలం నాటి కార్లు షెడ్లలోంచి బయటికి తీసి బాగు చేయించుకుంటున్నారు. ఈ పని నేర్చుకుంటామని పిల్లలూ వస్తున్నారు. అందరూ ఆ వీడియో చూసి వచ్చి, కుట్టడం నేర్పమంటారు. ఉతకడం నేర్పమని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెప్తాను. ఇందులో కొంత పని సంగతి, కొంత నా కడుపుమంట. రెండిటినీ విడదీసి రాయమంటే నా వల్ల కాదు.

వేళ్ళతో చూడటం

మండపేటలో మా మామగారిది సీట్ల కొట్టు. లారీ సీట్లు, ట్రాక్టరు సీట్లు, కార్ల సీట్లు కుట్టేవారు. నేను రామచంద్రపురం నుంచి కోడలిగా వచ్చిన కొన్నేళ్ళకు కొట్టులోకి బెల్టులు కూడా రావడం మొదలైంది. మగవాళ్ళు సీట్లు చూసుకునేవారు. బెల్టులు ఉతికే పని కాబట్టి అది ఆడవాళ్ళ పనని తేల్చి నా మీద పడేశారు. అలా ఈ వృత్తిలోకి వచ్చాను. ఎవరూ పిలిచి పెద్దపీట వేయలేదు.

బెల్టు ఉతకడం చీర ఉతకడం లాంటిది కాదు. ముందు దాన్ని చివరిదాకా బయటికి లాగి, మళ్ళీ లోపలికి పారిపోకుండా గట్టి క్లిప్పు పెట్టాలి. బెల్టు చుట్టుకునే పెట్టెలో స్ప్రింగు ఉంటుంది. ఆ పెట్టెను విప్పకండి. విప్పినవాడికి మళ్ళీ బిగించడం రాదు, వచ్చనుకునేవాడు మరీ ప్రమాదం. గోరువెచ్చని నీళ్ళు, ఘాటు లేని సబ్బు, మెత్తని బ్రష్షు ఉంటే చాలు. నేత ఎటు నడిస్తే బ్రష్షూ అటే నడవాలి. బ్లీచింగు, పెట్రోలు, యాసిడ్ దగ్గరికి రానివ్వకూడదు. రంగు వేసి కొత్త పెళ్ళికొడుకులా మెరిపించి ఇచ్చే కొట్లు ఉన్నాయి. ఆ మెరుపు కింద దారం బతికుందో చచ్చిందో ఎవరికీ తెలియదు. తడి పూర్తిగా ఆరకుండా లోపలికి వదిలారంటే, మన గోదావరి చెమ్మకు నాలుగు రోజుల్లో బూజు వాసన కొడుతుంది. ఒకసారి గట్టి యాక్సిడెంటు చూసిన బెల్టునయితే అసలు ఉతకొద్దు, తీసి పారేయండి.

మురికిని చూసి బండి ఎక్కడిదో చెప్పేదాన్ని. మిల్లు వాళ్ళ బెల్టులో తవుడు. చెరువుల వాళ్ళ బెల్టులో మేత వాసన. నరసాపురం వైపు నుంచి వస్తే ఉప్పు గరుకు తగులుతుంది. మెడ దగ్గర కొబ్బరినూనె మాత్రం అందరిదీ ఒకటే.

మామగారు కోపిష్టి మనిషి. మాట మెచ్చుకోలుగా రాదు. కానీ ఆయన నేర్పిన ఒక్క అలవాటే నన్ను ఇన్నేళ్ళూ నిలబెట్టింది. నీళ్ళలో వేసే ముందు ఒకసారి, ఆరిన తర్వాత ఒకసారి, కళ్ళు మూసుకుని బెల్టును ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్ళ మధ్య నిమరాలి.

"కళ్ళు మూసుకో అమ్మాయ్. కళ్ళు మురికినే చూత్తాయి. బెల్టుని వేళ్ళు చూడాలి" అనేవారు.

ఎక్కడ అంచు పీచు లేచింది, ఎక్కడ ఎండకు బిరుసెక్కింది, ఎక్కడ పోగు తెగింది, అన్నీ వేళ్ళకు తెలుస్తాయి. అలా ఏదైనా తగిలితే ఆ బెల్టు పనికిరాదు. పనికిరాని బెల్టును కత్తెరతో రెండు ముక్కలు చేయడం మా కొట్టు ఆచారం. ఊరికే చెత్తలో వేస్తే ఎవరో ఒకరు ఏరుకుపోయి ఇంకో బండికి తగిలిస్తారు.

పసుపు, పారాణి

దసరాకు కారుకు పూజ చేస్తారు కదా. స్టీరింగుకు బొట్టు, డిక్కీకి బొట్టు పెట్టి ఆగరు. బెల్టు కూడా మనిషిని కాపాడేదే కదా అని దానికీ నిండా పసుపు రాస్తారు. భక్తి మంచిదే. మరుసటి వారమంతా మా కొట్టు ముందు పచ్చ బెల్టుల కార్లు బారులు తీరేవి.

ఒక ఏడాది అలా వచ్చిన బెల్టును మామగారు నా చేతిలోంచి లాక్కున్నారు. "మొండి మరకమ్మా ఇది, నీ సబ్బుకి లొంగదు" అని చాకలి సోడా పట్టించి రుద్దారు. పచ్చగా ఉన్నది కాస్తా ఎర్రగా అయిపోయింది. ఇంకా రుద్దితే ఇంకా ఎరుపు. ఇంతలో కారు వాళ్ళ అమ్మగారు బండి కోసం వచ్చి ఆ బెల్టు చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

"రక్తం మరకేంటండి అది? మా అబ్బాయి కూచునే బండి. నాకొద్దండి ఈ బెల్టు" అన్నారావిడ.

పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని ఆడపిల్లలెవరికైనా తెలుసు. సోడా కూడా అదే పని చేస్తుంది. మామగారికి పారాణి పెట్టించుకోవడమే తెలుసు గానీ కలపడం తెలియదు. నేను నిమ్మకాయ పిండిన నీళ్ళతో తుడిస్తే ఎరుపు మళ్ళీ పసుపయింది. మంచినీళ్ళతో కడిగి పొద్దుటి ఎండలో పెడితే ఆ పసుపును ఎండే తినేసింది. ఎండ కూడా మందులాంటిదే, ఎక్కువయితే దారాన్ని తినేస్తుంది. మరక పలచబడగానే నీడలోకి తీసేయాలి.

అమ్మగారు మర్నాడు వచ్చి బెల్టు చూసి ముచ్చటపడ్డారు. మామగారు మీసం దువ్వుకుని, "మా కొట్లో ఇలాంటి కిటుకులుంటాయండి" అన్నారు. ఎవరి కిటుకో చెప్పలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో అప్పుడే తెలిసింది. అయినా అప్పటికింకా సరోజ రాలేదు. అసలు సోకు ముందుంది.

లేసు చెయ్యి

సరోజ మా మరిది భార్య. నరసాపురం పిల్ల. ఊహ తెలిసినప్పటి నుంచి లేసు అల్లిన చెయ్యి. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక రోజు, మిషను దగ్గర మనిషి రాలేదని సరదాకు కూర్చుంది. సీటు కవరు అంచు కుట్టి మామగారికి చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అదీ, చెయ్యంటే" అన్నారు.

ఆ మాట విన్నప్పుడు నేను పెరట్లో బెల్టు పిండుతున్నాను. అన్నేళ్ళుగా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నానని అంతవరకు నాకే తెలియదు. నా చెయ్యి ఎప్పుడూ నీళ్ళలోనే ఉండేది. నీళ్ళలో ఉన్న చెయ్యి ఎవరికి కనబడుతుంది?

కుట్టు కనబడుతుంది. ఉతుకు కనబడదు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు ముందు ఈ సంగతి జీర్ణం చేసుకోవాలి. మరక ఉంటే ఉతికినావిడను తిడతారు. మరక పోతే అక్కడ చూడటానికి ఏమీ ఉండదు. లేనిదాన్ని చూసి మెచ్చుకునేవాడు నాకింకా తారసపడలేదు.

రామచంద్రపురం డాక్టరు గారొకాయన కారు బెల్టు మీద కిళ్ళీ మరకలు. కరుడుగట్టిపోయాయి. వాటితో నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. సరోజ చేసిందల్లా ఆ కారు సీటు కవరు మూల ఊడితే నాలుగు కుట్లు వేయడం. డాక్టరు గారు వచ్చి బెల్టు చూశారు, సీటు చూశారు, కవరు మూల పట్టుకుని, "ఎంత శుభ్రంగా కుట్టారండి" అన్నారు. శుభ్రం అన్న మాట కూడా కుట్టుకే పోయింది.

నేను ఉతికి సరేనన్న బెల్టులకు భుజం దగ్గర మెత్తటి తొడుగు కుట్టే పని కూడా తనదే అయింది. తర్వాత తర్వాత బండి ఆగిందంటే లోపలికి ఒకటే ప్రశ్న వచ్చేది. "సరోజ గారున్నారాండి?"

"ఆయ్, ఉన్నారండి. కూచోండి" అని కుర్చీ వేసేది నేనే.

తను చెడ్డ మనిషయినా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. నా వేళ్ళు సబ్బుకు పగిలితే వెన్న తెచ్చి రాసేది. కాఫీ ముందు నాకిచ్చి తర్వాత తను తాగేది. ఎవరైనా మెచ్చుకుంటే "అక్క ఉతికింది కాబట్టి సూది దిగిందండి" అనేది. అది వినయమనుకుని ఇంకా మెచ్చుకునేవారు. నా పేరు చెప్పి తను మార్కులు కొట్టేస్తోందని నాకు ఒళ్ళు మండిపోయేది. రాత్రి అన్నం దగ్గర మా ఆయనతో అంటే, "కళ్ళల్లో నిప్పులు పోసుకోకే" అనేవారు. ఆయన తప్పేమీ లేదు. పోసుకుంటూనే ఉన్నాను.

మెరూన్ బెల్టు

ఇక అసలు సంగతి. మామగారు పెద్దవారయిపోయి, చూపు మందగించి, కొట్టు ముందు కుర్చీలో కూర్చునే రోజులవి.

మిల్లు యజమాని చిట్టబ్బాయి గారు వాళ్ళ నాన్నగారి కారు తెచ్చారు. విదేశం నుంచి తెప్పించుకున్న కారు. మెరూన్ రంగు బెల్టులు. ఏళ్ళ తరబడి మిల్లు షెడ్డులో పడి ఉంది.

"నాన్నగారు నడిపేవారండి, అమ్మ పక్క సీట్లో కూచునేది. బెల్టు నాన్నగారే పెట్టేవారు ఆవిడికి" అన్నారు చిట్టబ్బాయి గారు. "ఇప్పుడు నేను నడిపి అమ్మని అన్నవరం తీసుకెళ్తాను. అదే సీటు, అదే బెల్టు కావాలండి. కొత్తది వేత్తే ఆవిడ కారు ఎక్కదు."

అమ్మగారి వైపు బెల్టు నిమురుతుంటే, కింద సీటు పక్కకు దిగే చోట అట్టలా గట్టిగా తగిలింది. గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే జిగురు వదిలింది. అంతకు ముందు ఎవరో జిగురు పూసి, పైన రంగేసి ఇచ్చారు. జిగురు పోయాక లోపల ఎలుక కొరికిన పళ్ళగాట్లు బయటపడ్డాయి. తవుడు వాసనకు మిల్లు ఎలుకలు దేన్నీ వదలవు. బెల్టు వెడల్పులో సగం లేదు.

తీసుకెళ్ళి సరోజకు చూపించాను. కత్తెర తెమ్మంటుందనుకున్నాను. తను వెలుగులో తిప్పి చూసింది, కళ్ళు మెరిశాయి.

"లేసులో ఇంతకన్నా పెద్ద చిరుగులు మాయం చేసేవోళ్ళం అక్కా. ఒక్కసారి చూడనివ్వండి" అంది.

రంగు కలిసే గట్టి దారం ఎక్కడెక్కడో వెతికి తెచ్చింది. మధ్యాహ్నం కూర్చుని దీపాల వేళకు లేచింది. పోగు పోగూ అల్లి, నేతలో నేత కలిపేసింది. నేను ఈ కళ్ళతో చూసిన పనుల్లోకెల్లా అందమైన పని అది. నేను ఏడు జన్మలెత్తినా అలా చేయలేను.

మర్నాడు చిట్టబ్బాయి గారు వచ్చి బెల్టంతా తడుముకున్నారు. "ఎక్కడండి చిరిగింది?" అన్నారు ఆనందంగా.

"ఇది బండికి పెట్టకూడదండి" అన్నాను నేను.

అందరూ నా వైపు తిరిగారు. మా ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "అందరి ముందూ ఏంటే ఇది? ఆ పిల్ల మీద నీ కుళ్ళు ఇంటికాడ చూసుకో" అన్నారు. తగ్గించినా అందరికీ వినబడింది.

అబద్ధం కాదు. కుళ్ళు ఉంది. ఆ పని అంత అందంగా లేకపోతే నాకు అంత కోపం వచ్చేది కాదేమో. కానీ ఎలుక కొరికిన మాటా నిజమే. కుళ్ళుబోతు మనిషి నిజం చెప్తే నమ్మేదెవరు? నేను పట్టుబడితే నా పరువు పోతుంది. ఊరుకుంటే ఆ పెద్దావిడ ఆ బెల్టు నమ్ముకుని ముందు సీట్లో కూర్చుంటుంది.

బెల్టు తీసుకెళ్ళి మామగారి చేతిలో పెట్టాను. ఆయన వేళ్ళకు ఇంకా చూపు ఉంది. కళ్ళు మూసుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా నిమిరారు. మళ్ళీ నిమిరారు.

"బాగానే ఉందమ్మా. ఎక్కడా తగల్లేదు" అన్నారు.

నా భయం అదే. వికారంగా కుట్టి ఉంటే రేపు దాన్ని ఉతికే మనిషికి వేళ్ళకు తగులుతుంది. ఇంత బాగా కుడితే ఇక ఎవరికీ తగలదు. మామగారికే దొరకనిది ఇంకెవరికి దొరుకుతుంది?

సరోజ దగ్గరికి వెళ్ళాను. "సడెన్ బ్రేకు ఏత్తే ఆవిడ బరువంతా దేనిమీద పడుద్ది? బెల్టు మీదా, నీ దారం మీదా?" అని అడిగాను.

తను నా చేతిలోంచి బెల్టు తీసుకుంది.

"నరసాపురం నుంచి మీ అమ్మ వచ్చిందనుకో. ఆవిడకిదే పెట్టి కూచోబెడతావా?"

సరోజ తను అల్లిన చోటును వేళ్ళతో ఒకసారి నిమిరింది. తర్వాత గోడకు ఉన్న పెద్ద కత్తెర తీసింది. "నా కుట్టు చిరుగుని దాచిందండి, బాగు చెయ్యలేదు. అక్క చెప్పిందే నిజం" అని చిట్టబ్బాయి గారితో చెప్పి, సరిగ్గా తను అల్లిన చోటే అడ్డంగా కోసేసింది. తెగడానికి కత్తెర మొరాయించింది కూడా.

చిట్టబ్బాయి గారి మొహం మాడిపోయింది. కాసేపు కారు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. తర్వాత మెల్లగా అన్నారు. "అంత కష్టపడి చేసినదాన్ని మీ చేత్తోనే కోసేసేరు. ఇంత నిజాయితీ నేనెక్కడా చూళ్ళేదండి సరోజ గారూ."

చెప్పింది నేను, కోసింది సరోజ, పేరు సరోజది.

కొత్త బెల్టు వేయించారు. నాన్నగారు పెట్టిన బెల్టు ముక్కను పక్కన పెట్టుకుంటే చాలని అమ్మగారు ఒప్పుకున్నారట. అన్నవరం వెళ్ళొచ్చి ప్రసాదం తెచ్చి సరోజ చేతిలో పెట్టారు. సరోజ అందులోంచి నాకు పెట్టింది. తిన్నాను. తియ్యగానే ఉంది, ఏం చేస్తాం.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇది. అసూయ రాకుండా ఉండదు, పక్కన మంచి పనివాళ్ళు ఉంటే తప్పకుండా వస్తుంది. అది వచ్చిందని సిగ్గుపడి నోరు మూసుకోకండి. నీకు కుళ్ళు అంటే, అవును ఉంది, బెల్టు కూడా తెగింది అని చెప్పండి.

మానేయడం

షుగరు వచ్చి వేళ్ళ కొసలు తిమ్మిరెక్కడం మొదలైంది. ఒక రోజు పీచు లేచిన బెల్టును నిమిరి బాగుందన్నాను. ఆరబెట్టేటప్పుడు కంటికి కనబడింది కాబట్టి సరిపోయింది. ఆ పూటే బకెట్టు బోర్లించాను. వేళ్ళు చూడలేనప్పుడు ఈ పని చేయకూడదు. ఎవరూ సన్మానాలు చేయలేదు. సరోజ మాత్రం ఆ రోజు అన్నం తినలేదని మా మరిది చెప్పాడు. నటిస్తోందనుకున్నాను.

మొన్న మా ఆయన ఫోను పట్టుకుని వచ్చి, "మోచెయ్యి దగ్గర ఆపేసేవంట, మిగతాది చూడవే" అని పక్కన కూర్చున్నారు. చూశాను. చివర్లో ఆ కుర్రాడు అడుగుతాడు, "ఇప్పుడు బెల్టులు తీసుకోవట్లేదంట కదండి, ఎందుకండి?" అని.

సరోజ మిషను ఆపి చెప్తుంది. "మా అక్క వేళ్ళు సరేనంటేనే నేను సూది పట్టుకునేదాన్నండి. ఒకసారి నాకు కళ్ళు నెత్తికెక్కితే ఆవిడే దింపింది. ఇప్పుడావిడ మానేసింది. ఆవిడ చూడని బెల్టు మీద నేను చెయ్యి వెయ్యలేనండి. సీటు కవర్లే కుట్టుకుంటున్నాను."

నా వల్లనే తను అంత మంచి పని వదులుకుందని నాకు తెలియదు. బెల్టులు రావడం తగ్గిందనుకున్నాను. కళ్ళనీళ్ళు వచ్చాయి, దాచుకోలేదు. ఇంత మాట తన గురించి నేను ఏనాడూ అనలేకపోయానే, అది కూడా తనే ముందు అనేసిందే అని మళ్ళీ మండింది. అదీ దాచను.

మా ఆయన వేలితో కిందికి జరిపి చూపించారు. చూసినవాళ్ళందరూ వరసగా రాశారు. "ఎంత గొప్ప మనసండి సరోజ గారిది." "తోటికోడలి గురించి ఇలా చెప్పేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారండి." "సరోజ గారికి దండాలు."

కింది దాకా చదివాను. ఆ అక్క పేరేమిటని ఒక్కరూ అడగలేదు.

మహాలక్ష్మి.